ప్రవాహంలో ఒక ఆదివారం

మన సంస్థలో సెలవు కోరే ప్రతి దరఖాస్తులోను 'కారణము' అనే గడి ఒకటి ఉంటుంది. 2024 మార్చిలో ఒక సోమవారం సెలవు కోరుతూ మేము ఆ గడిలో 'కుటుంబ కార్యము నిమిత్తం విశాఖపట్నం ప్రయాణం' అని వ్రాశాము. అది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఏబదియైదేళ్ల వయస్సులో, వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రంలో మునగబోతున్నామని వ్రాసే ధైర్యం మాకు లేకపోయింది. ఈ గడుల ప్రస్తావన ముందు ముందు మళ్లీ వస్తుంది గనుక పాఠక మిత్రులు దీనిని గుర్తుంచుకోవలసిందిగా మనవి.

బిలాస్‌పూర్‌వాసికి సముద్రంతో పనేమిటని మా విభాగంలో మిత్రులు పరిహాసమాడారు. వారి పరిహాసంలో న్యాయం లేకపోలేదు. ఈ ఊరి నుంచి సరళరేఖలో కొలిచినా నాలుగువందల కిలోమీటర్లకు తక్కువ దూరంలో ఏ సముద్రమూ లేదు. ఇక్కడ ఉన్నది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని కూడలిగా మార్చింది. 1931లో రాయపూరు – విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రాకపోకలు సుగమమయ్యాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రమైంది. రైల్వే కొలువు వెదుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చిన మా నాన్నగారు ఇక్కడ ఫిట్టరుగా పనిచేశారు. రైల్వే క్వార్టర్ల వరుసలో మా ఇంటి ముందు ముగ్గు, పొరుగింటి ముందు అల్పన, ఆ పైయింట ఛత్తీస్‌గఢీ పాట. బుధ్వారీ బజారులో కూరలవాళ్లు ఈనాటికీ తెలుగులో అంకెలు చెప్పగలరు.

ఊరికి ఉన్న నీరంతా అర్పా నది. పేండ్రా దగ్గర పుట్టి, ఊరి నడుమగా ప్రవహించి, శివనాథ్ ద్వారా మహానదిలో కలిసే ఈ నది ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. వానకాలంలో మాత్రం ఎరుపెక్కి, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది. 2019లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర గీతంగా స్వీకరించిన పాట ఈ నది పేరుతోనే మొదలవుతుంది. మేము ఈత నేర్చినది అందులోనే. 1981 వానకాలంలో, తోర్వా వైపు రేవున, పన్నెండేళ్ల మా మిత్రుడొకడు మా కళ్ల ముందే ఆ వడిలో కొట్టుకొనిపోయాడు. ఇళ్లలో మేము బజారుకు వెళ్తున్నామని చెప్పి వచ్చాము. అందువల్ల పెద్దలు మొదట బజారంతా వెదికారు. నదికి వచ్చేసరికి చీకటి పడింది. ఆ తరువాత నలుబదేళ్లకు పైగా మేము పారే నీటిలో మోకాలు దాటి దిగలేదు.

మా అబ్బాయి విశాఖపట్నంలో ఉద్యోగి. అక్కడ సముద్రంలో మునుగుట నేర్చి, యోగ్యతాపత్రం కూడా సంపాదించాడు. "నాన్నా, మీరు రిటైరయ్యే లోపల ఒక్కసారి నాతో దిగాలి. ఆ నది భయం అక్కడే వదిలేసి రావచ్చు" అని మూడేళ్లుగా పోరుతున్నాడు. ఆ ఏడు మహాశివరాత్రి శుక్రవారం వచ్చింది. మరునాడు రెండవ శనివారం, ఆపై ఆదివారం. మా శ్రీమతి పంచాంగం చూచి, "ఏమండీ, ఆదివారం అమావాస్య. అమావాస్య పూట నీళ్లలోకా?" అన్నారు. ఇంజనీరుకు అమావాస్యతో ఏమి పని అని నవ్వి ఊరుకున్నాము. పనే ఉన్నదని తరువాత తెలిసింది.

గురువారం సాయంకాలం బిలాస్‌పూర్‌లో విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. తెల్లవారేసరికి రైలు తూర్పు కనుమలు దాటి తెలుగునాట ప్రవేశించింది. దారి పొడుగునా మేము మా అబ్బాయి పంపిన పుస్తకాన్ని చదువుతూ వచ్చాము. అందులోని విషయం మన వృత్తికి ఎంత దగ్గరదో చూచి ఆశ్చర్యపోయాము.

నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనమవుతుంది. పది మీటర్ల దిగువన పీడనం ఉపరితలం కంటె రెట్టింపు. అక్కడ ఛాతీ వ్యాకోచించాలంటే పీల్చే గాలి కూడా అంతే పీడనంతో అందాలి. ఆ పనిని చేసే కవాటాన్ని 1943లో ఫ్రాన్సు దేశంలో రూపొందించినవారు ఇద్దరు. నౌకాదళాధికారి జాక్ కూస్తో పేరు అందరికీ తెలుసు. రెండవవాడైన ఎమిల్ గన్యాఁ పేరు తక్కువమందికి తెలుసు. ఆయన వాయువులు తయారుచేసే కర్మాగారంలో ఇంజనీరు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై, మోటారు వాహనాలు వాయువుతో నడపవలసి వచ్చినప్పుడు తాను సిద్ధం చేసిన రెగ్యులేటరునే ఆయన మార్చి ఇచ్చాడు. ఎవరు ఎంత పీలిస్తే అంత గాలి, అదీ చుట్టూ ఉన్న నీటి పీడనంతో. మన కర్మాగారాలలో గాలి లైన్లపై ఉండే రెగ్యులేటరుకు ఇది సాక్షాత్తు తమ్ముడు.

లోతు నుంచి తొందరపడి పైకి రాకూడదని, రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టకుండా అంచెలంచెలుగా రావాలని 1908లో పట్టికలు కట్టినవాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్. బొగ్గు గనులలో విషవాయువును పసిగట్టేందుకు చిన్న పిట్టలను తీసుకొనిపోవలసిందని చెప్పినవాడూ ఆయనే. బొగ్గు నేలకు పొరుగున బ్రతికే బిలాస్‌పూర్‌వారికి ఆయన పరాయివాడేమీ కాదు. ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ పీడన గదులలో తన శరీరంపైనే ప్రయోగాలు చేసికొని, అనంతరం భారత పౌరసత్వం స్వీకరించి, 1964లో మన పొరుగున భువనేశ్వర్‌లోనే కన్నుమూశారు.

శనివారం సాయంకాలం ఈతకొలనులో శిక్షణ. మాస్కులో నీరు చేరితే ముక్కుతో ఊది బయటకు పంపుట, ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల పీడనం సరిచేసికొనుట, ఎన్నడూ ఊపిరి బిగబట్టకుండుట, చేతి సంజ్ఞలు. బొటనవ్రేలు పైకెత్తితే మన లోకంలో 'భేష్' అని అర్థం. అక్కడ 'పైకి పోదాం' అని అర్థం. శిక్షకుడు మా అబ్బాయి వయస్సువాడు. ఓపికగా నేర్పాడు. చివరకు ఒక కాగితం ఇచ్చి నింపమన్నాడు. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ, చెవి జబ్బులు. ప్రతిదానికి ఎదురుగా రెండు గడులు, ఉన్నది, లేదు. ఏడవదో ఎనిమిదవదో ప్రశ్న, 'రక్తపోటుకు మందు వాడుతున్నారా?'

ఆరేళ్లుగా ప్రతి ఉదయం మేము ఒక మాత్ర వేసుకుంటున్నాము.

కలం ఆ గడిపై ఎంతసేపు ఆగిందో చెప్పలేము. ఎదురుగా మా అబ్బాయి కెమేరా తుడుచుకుంటూ చిన్నప్పటి ముఖంతో నవ్వుతున్నాడు. 'ఉన్నది' అని వ్రాస్తే ముసలివాడని ఒడ్డున కూర్చోబెడతారేమోనన్న సంకోచం. మాత్రతో అదుపులోనే ఉన్నది గదా అన్న సమాధానం. 'లేదు' గడిలో గుర్తు పెట్టి సంతకం చేశాము. ప్రక్కన కూర్చున్న మా శ్రీమతి కాగితం చూచి, "ఏమండీ..." అన్నారు. మేము ఆమె వైపు ఒక చూపు చూచాము. ముప్పది యేళ్ల సంసారంలో అటువంటి చూపుకు అర్థం ఇద్దరికీ తెలుసు. ఆమె మౌనం వహించారు. ఆనాడు మేము చేసిన తప్పులలో ఆ చూపు కూడా ఒకటి.

ఇక్కడ మరొక సంగతి చెప్పక తప్పదు. 2023 చివరలో బాయిలరు మరమ్మతుల సమయంలో ఇరవై మీటర్ల ఎత్తున పనిచేస్తున్న ఒక రిగ్గరు ఉన్నట్టుండి కళ్లు తిరిగి, కటకటాలు పట్టుకొని కూలబడ్డాడు. తోటివాడు నడికట్టు పట్టి ఆపకుంటే ఏమయ్యేదో. విచారిస్తే అతనికి ఏడాదిగా అలా కళ్లు తిరుగుతున్నవని, ఎత్తుపని అనుమతి కాగితంలో 'లేదు' అని వ్రాశాడని తేలింది. "సాబ్, ఉన్నదని వ్రాస్తే పని పోతుంది. ఇంట్లో పిల్ల చదువు ఉంది" అన్నాడు. "ప్రాణం కంటె పని ముఖ్యమా? అబద్ధం వ్రాసినవాడికి ఇక్కడ చోటు లేదు" అని గద్దించి అతని గేటు పాసు రద్దు చేయించాము. 2024 మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవ సభలో, పేరు చెప్పకుండా, అతని ఉదంతాన్నే ఉదాహరించి ప్రసంగించాము. కరతాళ ధ్వనులు మ్రోగాయి. ఆ ప్రసంగానికీ, ఈతకొలను ఒడ్డున మా సంతకానికీ నడుమ గడచినవి ఐదు రోజులు.

ఆదివారం ఉదయం రుషికొండ తీరానికి చేరాము. పడవ నడిపే ఆయన అరువది దాటిన జాలరి. వెంట మనుమడు. నల్లని దేహం, ఉప్పు పట్టిన జుట్టు. చేతిలో రబ్బరు పట్టీ బిగించిన ఇనుప బల్లెం. సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి రాళ్లలో దిగి చేపను పొడవడం, ఆలుచిప్పలు ఒలవడం ఆయనకు చిన్ననాటి నుంచి వచ్చిన విద్య. మా శిక్షకుడు చెప్పగా తెలిసినదేమంటే, ఈ విద్యకు నీతి కూడా ఉన్నది. గాలి సిలిండరుతో దిగి చేపను వేటాడుట అనేక దేశాలలో నిషిద్ధం. మనిషి తన ఊపిరి ఉన్నంతసేపే చేపకు శత్రువు కావాలి. ఊపిరి అయిపోగానే చేపకు తప్పించుకునే వ్యవధి దక్కాలి. మన దేశంలో తిమింగల సొర, పెద్ద జాతి గ్రూపరు వంటివి 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోరాదు.

ఆయన నీటి వైపు చాలాసేపు చూచి అన్నాడు. "ఇయ్యాల అమాస బాబూ. పొద్దెక్కితే నీరు ఉత్తరానికి లాగతాది. దిగేదేదో బేగి దిగి బేగి ఎక్కండి." ఆపై మనుమని వైపు తిరిగి, మమ్మల్ని కూడా వినమన్నట్టుగా అన్నాడు. "నాకు పడిశం పట్టింది. చెవి ఇడవడం లేదు. నేను నాలుగు బారలు దాటి దిగను."

ఆ మాటను ఆనాడు మేము చెవిన వేసుకొనలేదు. పైగా గంట ఆలస్యం చేసినవారమూ మేమే. పాదరక్షలు బిగువైనాయి, మార్చాలి. మాస్కు పట్టీ సరిపోలేదు. ఒడ్డున ఛాయాచిత్రాలు తీసికోవాలి. పడవ కదిలేసరికి సూర్యుడు నడినెత్తికి చేరువయ్యాడు.

ఆయన చెప్పినదానికి శాస్త్రం ఇది. తూర్పు తీరాన్ని ఒరసి బంగాళాఖాతంలో ఒక మహాప్రవాహం ఉన్నది. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఈశాన్య దిశగా, అంటే తీరం వెంబడి ఉత్తరానికి సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దిశ మార్చుకొని గంగా బ్రహ్మపుత్రల మంచినీటిని మోసికొంటూ దక్షిణానికి వస్తుంది. రుతువును బట్టి ఇలా తిరగబడే ప్రవాహాలు లోకంలో అరుదు. మార్చిలో అది ఉత్తరముఖం. దానికి అమావాస్య తోడు. సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలుస్తారు గనుక ఆ రోజులలో ఆటుపోట్లు పెద్దవి. ఇక నీటి అడుగున రాళ్ల గుట్టలుంటే, వాటి నడుమ సందులలో ప్రవాహం ఇంకా వడి పుంజుకుంటుంది. గొట్టం సన్నబడిన చోట నీటి వేగం పెరుగుతుందని మనం డిప్లొమా విద్యార్థులకు బోధించే సూత్రమే. పంచాంగం చూచిన మా శ్రీమతికి, నీటిని చూచిన జాలరికి తెలిసినది, సూత్రం తెలిసిన మాకు తోచలేదు.

లంగరు త్రాడు పట్టుకొని దిగాము. ముందు శిక్షకుడు, వెనుక మా అబ్బాయి, నడుమ మేము. మూడు మీటర్ల వద్ద చెవులు నొక్కుకున్నాయి, నేర్పినట్లు ఊదాము, తెరచుకున్నాయి. తొమ్మిది మీటర్ల దిగువన అడుగు కనిపించింది. నీరు ఆకుపచ్చగా, పలుచని పాలు కలిపినట్టుగా ఉన్నది. రాళ్లపై ఆలుచిప్పల గుంపులు, మీసాలతో ఇసుక తవ్వుకునే గులివిందలు, వెండి రేకుల వలె మెరుస్తూ సాగిన పార చేపల వరుస. వాటిలో ఏదీ మమ్మల్ని పట్టించుకొనలేదు. చెవిలో మా ఊపిరి చప్పుడు తప్ప మరో సవ్వడి లేదు. ఐదు నిమిషాలపాటు, సత్యం చెప్పవలెనంటే, జీవితంలో అంతటి ప్రశాంతత మేమెరుగము. తోర్వా రేవు గుర్తుకు రాలేదు.

అంతలో నీటి తుంపులన్నీ ఒకే దిశగా పరుగులు తీయసాగాయి. రాళ్లపై నాచు అంతా ఉత్తరానికి వాలిపోయింది. శిక్షకుడు త్రాడు పట్టుకొమ్మని సంజ్ఞ చేశాడు. త్రాడు మాకు రెండు బారల దూరంలో ఉన్నది. ఆ రెండు బారలు ఎదురీదుట మా వల్ల కాలేదు.

నీటి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దానిని ఎదిరించుటకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపైతే శ్రమ ఎనిమిది రెట్లు. పంపుల విభాగంలో పనిచేసే ప్రతి ఒక్కరికి ఇది కంఠతా వచ్చిన విషయం. సెకనుకు అర మీటరు, అంటే ఒక నాట్, దాటిన ప్రవాహాన్ని ఎదురీది నిలవగల మునుగరులు అరుదు. మేము కాళ్లు కొడుతున్న కొద్దీ ఊపిరి వేగమైంది, ఊపిరి వేగమైన కొద్దీ భయం హెచ్చింది. తలలో సుత్తి పోటు. ఛాతీ ఎవరో పట్టీ వేసి బిగించినట్లు. గేజి చూచాము. 200 వద్ద మొదలైన ముల్లు 70కి చేరింది. దిగి పదునాలుగు నిమిషాలే అయినది.

తరువాత లెక్క కట్టాము. 11 లీటర్ల సిలిండరులో 130 బారు గాలి అంటే 1,430 లీటర్లు. లోతులో పీడనం 1.9 రెట్లు. కనుక నిమిషానికి ఉపరితల లెక్కలో 54 లీటర్లు పీల్చాము. నిదానంగా ఉన్న మనిషికి 18 లీటర్లు చాలు. మూడు మనుషుల గాలి మేమొక్కరమే త్రాగాము. అటు పిమ్మట వైద్యులు చెప్పినది మరొకటి. నీటిలో మునిగినప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండెపై భారం పెరుగుతుంది. రక్తపోటు గలవారిలో, అందునా తీవ్రశ్రమ తోడైతే, ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదం ఉన్నది.

శిక్షకుడు మా జబ్బ పట్టుకొని తన ముఖం మా ముఖానికి ఎదురుగా తెచ్చాడు. ఈదవద్దని అరచేయి చూపాడు. బొటనవ్రేలు పైకెత్తాడు. మా చేయి మరొక వైపు మా అబ్బాయి పట్టుకున్నాడు. ముగ్గురము ప్రవాహానికి లొంగిపోయి, అది తీసుకొనిపోయిన వైపే పోతూ, మెల్లగా పైకి లేచాము. ఐదు మీటర్ల వద్ద శిక్షకుడు నారింజ రంగు గొట్టమొకటి ఊది పైకి వదిలాడు. పడవవానికి అదే ఆనవాలు. మాస్కు అద్దంలో మా అబ్బాయి కళ్లు చూచాము. 1981లో ఒడ్డున నిలబడిన పిల్లల కళ్లు అలాగే ఉండి ఉంటాయి.

తేలేసరికి పడవకు రెండువందల మీటర్ల ఉత్తరాన ఉన్నాము. జాలరి ఆయన అప్పటికే లంగరు వదిలించి మా వైపు వస్తున్నాడు. మమ్మల్ని పడవలోకి లాగినప్పుడు వాంతి చేసికొన్నాము. మా శ్రీమతి ఏమీ అనకుండా తడిగుడ్డతో ముఖం తుడిచారు.

శిక్షకుడు కొంతసేపు ఆగి అడిగాడు. "సార్, మందులేమైనా వాడుతున్నారా? ఇప్పుడైనా చెప్పండి."

చెప్పాము.

అతడు కోపగించుకొనలేదు. "ఉన్నదని వ్రాసి ఉంటే మిమ్మల్ని వద్దనేవాణ్ణి కాదు సార్. డాక్టరు చీటీ అడిగేవాణ్ణి. ఈ నీటిలో కాకుండా చదునైన చోట దింపేవాణ్ణి. క్రింద మీరు ఇబ్బంది పడితే నేను దేని కోసం చూడాలో నాకు తెలియాలి గదా. ఆ కాగితం మీ కోసం కాదు, మీ ప్రక్కన ఉండే మా కోసం" అన్నాడు. మా అబ్బాయి తల వంచుకొని, "నాన్నా, నన్నొక్క మాట అడగవలసింది" అన్నాడు. ఆ రెండు మాటలకు మా దగ్గర జవాబు లేదు.

పడవను గుట్టకు ప్రవాహం తగలని ప్రక్క నిలిపి జాలరి ఆయన తన పని మొదలుపెట్టాడు. ఏమీ తోచక మేము ఆయననే చూస్తూ కూర్చున్నాము. నీటి మీద బోర్లా తేలుతూ రెండు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసికొన్నాడు. ఒక్క గుటక గాలి మ్రింగి తల వంచి దిగాడు. కాళ్లు కొట్టలేదు. రాయి ప్రక్కన నీడలో ఆగి, చేప తనంతట తాను దగ్గరకు వచ్చేదాకా వేచాడు. బల్లెం వదలిన చప్పుడు పడవలోకి వినిపించలేదు. రెండు చేపలు తెచ్చాడు. మనుమడు పడవలో నుంచి క్షణం కూడా కళ్లు త్రిప్పలేదు. ఊపిరి బిగబట్టి వేటాడేవారికి పైకి వచ్చే చివరి మీటర్లలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది. పైన చూచే మనిషి లేకుండా ఆయన ఏనాడూ దిగలేదట.

మూడవసారి దిగి వట్టి చేతులతో లేచాడు. "క్రిందన పెద్దది ఉంది బాబూ. ఆరు బారల నీళ్లలో ఉంది" అన్నాడు. దిగలేదేమని అడిగాము. ఆయన మా వైపు వింతగా చూచి, "పొద్దున్నే చెప్పాను గదా, పడిశం పట్టిందని" అన్నాడు.

ఆ వాక్యం రైలులో రాత్రంతా మాతో ప్రయాణం చేసింది. ఏ కాగితమూ, ఏ గడీ లేకుండా, ఎవరూ అడగకుండానే, ఆయన తన చెవి సంగతి తెల్లవారగానే పడవలో అందరికీ చెప్పాడు. చెప్పినదానికి మధ్యాహ్నం పెద్ద చేప ఎదురుగా ఉన్నా కట్టుబడ్డాడు. ఆ రోజు చేపల వెల తగ్గినందుకు ఆయన ఇంట్లో ఏమి తగ్గిందో మాకు తెలియదు. మాకైతే నిజం చెప్పినందువల్ల పోయేది ఏమీ లేదు, కొంచెం పరువు తప్ప. మేము పంపివేసిన ఆ రిగ్గరుకు మాత్రం కూలి పోతుంది. మా ముగ్గురిలో అబద్ధమాడుటకు అందరికంటె తక్కువ కారణం ఉన్నవారము మేమే.

బిలాస్‌పూర్ చేరిన వారంలో ఆ రిగ్గరు చిరునామా కనుక్కొని కబురు పంపాము. రావడానికి జంకాడు. వచ్చాక, అతని ఎదుట కుర్చీ వేయించి, విశాఖపట్నంలో జరిగినదంతా ఉన్నదున్నట్లు చెప్పాము. చాలాసేపు విని, "సాబ్, మీరూ వ్రాశారా?" అన్నాడు. ఆ 'మీరూ'లో నిష్ఠూరం లేదు, ఆశ్చర్యమే ఉన్నది. వైద్యులకు చూపించగా, లోపలి చెవికి సంబంధించిన, చికిత్సకు లొంగే జబ్బని తేలింది. ఇప్పుడు గుత్తేదారు వద్ద పనిముట్ల గదిలో ఉన్నాడు. ఎత్తుకు ఎక్కడు.

మా విభాగంలో మరొక చిన్న మార్పు చేశాము. ఎత్తుపని కాగితంలో 'ఉన్నది' అని వ్రాసినవానికి ఆ రోజు కూలి పోదు. నేలమీద పని ఇస్తారు. వ్రాయుటకు ముందుగా ఈ మాట అతని భాషలో చదివి వినిపిస్తారు. మొదటి నెలలోనే నలుగురు 'ఉన్నది' అని వ్రాశారు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ గడి ఖాళీగా ఉండేది. ఖాళీ గడిని చూచి మన దగ్గర అందరూ ఆరోగ్యవంతులే అని మేము సంతోషించేవారము. నిజం చెప్పుటకు వెల కట్టింది మేమే అయినప్పుడు, అబద్ధానికి శిక్ష వేయుట సగం న్యాయమే అవుతుంది. సహోద్యోగులలో పర్మిట్లపై సంతకం చేసే మిత్రులు ఈ విషయాన్ని తమ అనుభవంతో పోల్చి చూడవలసిందిగా కోరుతున్నాము.

ఇక మా సంగతి. శిక్షకునికి కాగితం సరిచేసి పంపాము. వైద్య పరీక్షలు చేయించుకున్నాము. మాత్ర మోతాదు మారింది. రక్తపోటు స్థిమితపడ్డాక, అలలు లేని చోట, తక్కువ లోతులో దిగవచ్చునని వైద్యులు వ్రాసి ఇచ్చారు. ఆ చీటీ మా శ్రీమతి దగ్గర భద్రంగా ఉన్నది. ఈసారి తిథి కూడా ఆమే నిర్ణయిస్తారు.

మొన్న వానకాలంలో ఒక సాయంకాలం తోర్వా రేవుకు ఇద్దరమూ వెళ్లాము. అర్పా ఎర్రగా, నిండుగా పారుతున్నది. నీళ్లలో ఒక కొమ్మ కొట్టుకుపోతూ కనిపించింది. అప్పుడు మా శ్రీమతితో, నలుబది యేళ్లకు పైగా ఎవరితోను చెప్పని ఒక మాట చెప్పాము. ఆనాడు పిల్లలందరము ఇంట్లో బజారుకని చెప్పాలన్న ఆలోచన మాదే. నదికని చెప్పి ఉంటే ఎవరో పెద్దవారు వెంట వచ్చేవారు, లేదా పోనిచ్చేవారే కారు. మా మిత్రుని తల్లిదండ్రులు ఈ మాట వినకుండానే కాలం చేశారు. అతని చెల్లెలు ఈ ఊరిలోనే ఉన్నది. మరునాడు ఆమె ఇంటికి వెళ్లి చెప్పాము. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లేచి లోపలికి వెళ్లి, టీ పెట్టుకొని వచ్చింది.